చేతికొచ్చిన రోజే పక్కన పెట్టండి

శ్రోతలందరికీ నమస్కారం.

అమెరికాలో ఇంటి దగ్గర సంగీతం పాఠాలు చెప్పేవారు, కూచిపూడి నేర్పేవారు, కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేసేవారు మన తెలుగువాళ్లలో ఎందరో ఉన్నారు. పన్నుల లెక్కలు చూసే మనిషిగా ఈ పూట వారితో మాట్లాడాలని వచ్చాను.

ఆ దేశంలో జీతంలోంచి పన్నును ముందే పట్టుకునే పద్ధతి 1943 చట్టంతో స్థిరపడింది. సొంత పని చేసుకునేవారికి అలా పట్టుకునే యజమాని ఉండడు. కాబట్టి ఏడాదికి నాలుగుసార్లు మనమే కట్టుకోవాలి. దీన్నే ఎస్టిమేటెడ్ ట్యాక్స్ అంటారు. మన పల్లెల్లో ఒకప్పుడు భూమిశిస్తును కిస్తులుగా కట్టేవారు కదా, అలాంటిదే ఇది. జీతంలో పట్టుకున్నది పోగా ఇంకా 1,000 డాలర్లు, ఆపైన బాకీ తేలేలా ఉంటే ఈ కిస్తులు మీకూ వర్తిస్తాయి.

మొన్న ఒక సంగీతం టీచరు తన పొడవాటి నోటుపుస్తకం తెచ్చారు. మొదటి పేజీ పైన శ్రీరామ, కింద ఒక్కో పిల్ల పేరు, ఎదురుగా నెలనెలా ఫీజు. ఖర్చులు పోను ఏడాదికి 40,000 డాలర్లు మిగిలింది. ‘మావారి జీతంలో పన్ను పోతూనే ఉంది కదండీ, మళ్లీ నేనేం కట్టాలి?’ అన్నారు. ఆమె ముందే లెక్క వేశాను. పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీకి 12.4 శాతం, పెద్దవయసు వైద్య బీమా అయిన మెడికేర్‌కు 2.9 శాతం, కలిపి 15.3 శాతం. ఉద్యోగికైతే ఇందులో సగం కంపెనీ భరిస్తుంది. ఇక్కడ రెండు సగాలూ ఆమెవే. లాభంలో 92.35 శాతం మీద ఈ లెక్క కట్టాలి. 5,652 డాలర్లు తేలింది. ఆదాయపు పన్ను దీనికి అదనం. ఆమె చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నారు. పని మొదలుపెట్టిన రోజే ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని నా మనసు కలుక్కుమంది. ఒక్కటి మాత్రం చెప్పాను: ఇది పోయిన డబ్బు కాదు, రేపటి పింఛను కోసం ఆమె పేరునే జమపడే అర్హత.

ఇక తేదీలు. ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, మరుసటి ఏడాది జనవరి 15. మూడేసి నెలలకు ఒకటి అనుకుంటే పొరబడతారు. మొదటి కిస్తు మూడు నెలల సంపాదనకు, రెండోది ఏప్రిల్, మే రెండు నెలలకే, మూడోది మళ్లీ మూడు నెలలకు, చివరిది ఏకంగా నాలుగు నెలలకు. ఏప్రిల్‌లో కట్టి ఊపిరి తీసుకునేలోపు జూన్ వచ్చేస్తుంది. చాలామంది తప్పిపోయేది అక్కడే. తప్పితే ఆ కిస్తు మీద రోజుల లెక్కన జరిమానా పెరుగుతుంది. అందుకే ఆలస్యమైనా సరే, గుర్తొచ్చిన రోజే కట్టేయండి. కాలిఫోర్నియా రాష్ట్రపు పన్నుకు కిస్తులు వేరు: 30, 40, సున్నా, 30 శాతం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు.

ఈ ఏడాది ఎంత వస్తుందో తెలియనప్పుడు ఎంత కట్టాలి? కిందటి ఏడాది మొత్తం పన్నుకు సమానంగా నాలుగు కిస్తుల్లో కడితే జరిమానా పడదు. కిందటి ఏడాది ఆదాయం 1,50,000 డాలర్లు దాటి ఉంటే ఆ పన్నుకు 110 శాతం కట్టాలి. భార్యాభర్తలిద్దరూ సంపాదించే మన ఇళ్లలో చాలావరకు ఈ రెండోదే వర్తిస్తుంది.

ఆ టీచరుకు ఇంకో దారి కూడా చూపించాను. దంపతులు కలిసి రిటర్ను వేస్తారు కాబట్టి, భర్త తన కంపెనీలో డబ్ల్యూ-4 ఫారం, అంటే జీతంలో ఎంత పన్ను పట్టుకోవాలో చెప్పే కాగితం, మార్చి ప్రతి జీతంలో కొంత అదనంగా పట్టుకోమనవచ్చు. అలా పట్టుకున్నది ఏడాది పొడవునా సమానంగా కట్టినట్టే లెక్క. నవంబరులో మేలుకున్నా ఇది పనికొస్తుంది.

ఆమె మాత్రం తన పన్ను తానే కడతానన్నారు. నోటుపుస్తకంలో ఫీజు పక్కన ఎర్ర సిరాతో మరో గడి గీసుకున్నారు. ఫీజు అందిన రోజే అందులో మూడో వంతు వేరే ఖాతాకు వెళుతుంది. ఐఆర్ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ, వారి ఆన్‌లైన్ చెల్లింపు పద్ధతి డైరెక్ట్ పేలో కట్టేటప్పుడు ఏ సంవత్సరానికో ఎంచుకోవాలి. జనవరిలో కట్టేది కిందటి ఏడాదిది. కొత్త ఏడాదిని నొక్కితే డబ్బు అటు జమ అయిపోతుంది. అందుకే జనవరి గడిలో ఆమె ‘కిందటి సంవత్సరం’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టుకున్నారు.