ఒక గొంతు, ఒక పియానో: ఫిషర్-డీస్కౌ

వ్యాఖ్యాత: నమస్కారం. జర్మన్ కవితలకు కట్టిన పాటలను లీడ్ అంటారు. ఆ పాటలకు జీవితంలో పెద్ద భాగం ఇచ్చిన జర్మన్ బారిటోన్ (మధ్యస్థాయి మగ గొంతు గాయకుడు) డీట్రిష్ ఫిషర్-డీస్కౌ గురించి ఈ రోజు చర్చ. స్టూడియోలో ఒక గాత్ర అధ్యాపకురాలు, ఒక పియానిస్ట్ ఉన్నారు. మేడమ్, మీరు మొదలుపెట్టండి.

అధ్యాపకురాలు: 1943 జనవరి, బెర్లిన్‌లో ఒక టౌన్‌హాల్. ఆయనకు 17 ఏళ్లు. స్వరకర్త షూబర్ట్ కట్టిన పాటల మాల 'వింటర్‌రైజె' పాడుతున్నారు, మొత్తం 24 పాటలు. మధ్యలో బ్రిటిష్ విమానాలు వచ్చి బాంబులు వేశాయి. పాడేవాళ్లు, వినేవాళ్లు అందరూ నేలమాళిగలోకి దిగారు. దాడి ఆగాక పైకొచ్చి మిగతా పాటలు పూర్తి చేశారు. ఆ తర్వాత సైన్యంలోకి తీసుకున్నారు. రష్యా వైపు యుద్ధరంగంలో గుర్రాలను చూసుకునే పని. 1945లో ఇటలీలో అమెరికన్లకు పట్టుబడి, రెండేళ్లు బందీగా ఉన్నారు. అక్కడా తోటి సైనికులకు ఈ పాటలే పాడారు.

వ్యాఖ్యాత: ఇంట్లో కూడా పెద్ద దెబ్బ తగిలింది కదా?

అధ్యాపకురాలు: అవునండీ. వైకల్యం ఉన్న ఆయన సోదరుడు మార్టిన్‌ను నాజీలు ఒక సంస్థలో పెట్టి ఆకలితో చంపేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మాట రాదు.

వ్యాఖ్యాత: పాట దగ్గరికి వద్దాం. సార్, పియానో ముందు కూర్చున్నవారికి ఆయన గొప్పతనం ఎక్కడ తెలుస్తుంది?

పియానిస్ట్: 'ఎర్ల్‌క్యోనిగ్' తీసుకోండి. గొథే కవిత, షూబర్ట్ 1815లో కట్టాడు. తండ్రి గుర్రం మీద తీసుకెళ్తున్న బిడ్డను ఒక మాయరాజు తన దగ్గరికి పిలిచే కథ. కుడిచేతికి ఒకే స్వరం గబగబా మోగుతూనే ఉండాలి, మణికట్టు లాగేస్తుంది. పాడేవారిది ఇంకా కష్టం: కథ చెప్పేవాడు, తండ్రి, బిడ్డ, ఆ మాయరాజు, నలుగురూ ఒకే గొంతులో పలకాలి. బిడ్డ 'నాన్నా' అని అరిచిన ప్రతిసారీ స్వరం ఇంకో మెట్టు ఎక్కుతుంది. మాయరాజు వంతు రాగానే ఫిషర్-డీస్కౌ గొంతు తగ్గించి, లాలనగా పాడతారు. భయం అక్కడే పుడుతుంది. చివర్లో పియానో ఆగిపోతుంది. బిడ్డ చనిపోయిందన్న మాట దాదాపు మాట్లాడినట్టే ఉంటుంది.

అధ్యాపకురాలు: నాకో అభ్యంతరం ఉంది. మాట మీద అంత ఒత్తిడి కొన్నిచోట్ల ఎక్కువైందనిపిస్తుంది. ఫ్రెంచ్ విమర్శకుడు రోలాఁ బార్త్ 1972లో ఇదే రాశాడు, ఆయనకు పంజేరా అనే మరో బారిటోన్ గొంతు నచ్చింది. మా విద్యార్థులు ఆ ఒత్తిడినే అనుకరించి గొంతు పాడుచేసుకుంటారు.

పియానిస్ట్: అనుకరించడం తప్పు, మేడమ్, ఒప్పుకుంటాను. కానీ 1966 నుంచి 1972 వరకు జెరాల్డ్ మూర్ పియానోతో రికార్డు చేసిన 400కు పైగా షూబర్ట్ పాటలు వినండి. మూర్‌ను వెనక కూర్చున్న తోడుగా కాదు, సమానుడిగా చూశారు.

వ్యాఖ్యాత: ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరం సంగతి కూడా చెప్పాలి.

అధ్యాపకురాలు: 1940లో జర్మన్ బాంబులకు అక్కడి కెథీడ్రల్, అంటే పెద్ద చర్చి, కూలింది. కొత్తది కట్టాక, 1962 మే 30న ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ కట్టిన 'వార్ రిక్వియమ్', యుద్ధంలో పోయినవారి కోసం చేసిన సంగీతం, అక్కడ పాడారు. ఇంగ్లిష్ టెనర్ (పైస్థాయి మగ గొంతు) పీటర్ పియర్స్, పక్కన జర్మన్ బారిటోన్ ఈయన. అయిపోయాక ఫిషర్-డీస్కౌ ఏడుపు ఆపుకోలేకపోయారు, లేవదీయడానికి పియర్స్‌కు కష్టమైంది.

వ్యాఖ్యాత: ఇప్పుడు 'వింటర్‌రైజె' చివరి పాట విందాం.

పియానిస్ట్: ఎడమచేతి మీద చెవి పెట్టండి. మంచులో వీధి వాయిద్యగాడు తిప్పే వాయిద్యంలా ఆ రెండు స్వరాలు మొదటి నుంచి చివరి దాకా కదలవు.