మా తెలుగు శాఖ కొత్త కంప్యూటర్ ల్యాబ్ రివ్యూ: ఈ కీబోర్డు కోసమైనా వెళ్లండి

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ల్యాబ్‌కి కీబోర్డులు ఇచ్చిన షాపువాళ్లు నాకు తెలుగు స్టిక్కర్ల షీటు ఒకటి ఫ్రీగా ఇచ్చారు. డబ్బులేమీ తీసుకోలేదు. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏంటి అన్నవి డిపార్ట్‌మెంట్ నోటీసులో చూసే ఉంటారు, వదిలేద్దాం. సిస్టమ్స్ చకచకా ఆన్ అవుతున్నాయి, ఏసీ పనిచేస్తోంది.

ఇదిగో, నేను చూపించాలనుకున్నది ఈ కీబోర్డు. దగ్గరికి రండి. ఇంగ్లీషు అక్షరం పక్కనే తెలుగక్షరం. ఇది ఇన్‌స్క్రిప్ట్, అంటే మన దేశ భాషలన్నిటికీ ఒకే తీరులో కీలు అమర్చిన లేఅవుట్. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. 'కె' నొక్కితే క, షిఫ్ట్ పట్టుకుని అదే నొక్కితే ఖ. 'డి' నొక్కితే పొల్లు. 'కాకి' కొడుతున్నా చూడండి: కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఎంత హాయిగా ఉందో! హిందీలోనూ కన్నడలోనూ క ఇదే కీ మీద ఉంటుంది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఈ లేఅవుట్ ముందే ఉంది, కొనాల్సిన పనిలేదు.

నాకింత ఆనందం ఎందుకంటే, నా ఎంఫిల్ డిసర్టేషన్ మొత్తం గేటు బయట డీటీపీ షాపులో కొట్టించా. పేజీకింత అని డబ్బులు, ప్రూఫులు దిద్దడానికి రాత్రిళ్లు. అదంతా పాత డీటీపీ ఫాంటులో ఉంది. తెర మీద తెలుగే, లోపల దాగినవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే అంతా గజిబిజి. ప్రతి భాష అక్షరానికీ ఏ కంప్యూటర్లోనైనా ఒకే కోడ్ ఉండే పద్ధతి యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటుంది. ఆ సంగతి అప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఇవాళ నా పీడీఎఫ్‌లో 'జానపదం' అని వెతికితే ఒక్కటీ దొరకదు. రెండేళ్ల పని అండీ అది! ఇప్పుడు పీహెచ్‌డీ థీసిస్‌లు శోధ్‌గంగకి, అంటే దేశంలోని థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారానికి, వెళ్తున్నాయి. వాటిలో వెతికినా మాట దొరక్కపోతే తర్వాత వచ్చే పిల్లలకి అవి ఉన్నా లేనట్టే. అందుకే ఈ ల్యాబ్‌లో అన్ని సిస్టమ్స్‌లో యూనికోడ్ ఫాంట్లే పెట్టారని తెలియగానే మనసు నిండిపోయింది.

ఒక్కటి మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. క్లాసులు నాలుగున్నరకి అయిపోతాయి, ల్యాబ్ ఐదింటికి మూసేస్తారు. బస్సుల్లో వచ్చే పిల్లలకి మిగిలేది అరగంట. రిజిస్టర్లో సంతకం పెట్టి కూర్చునేసరికే పది నిమిషాలు పోతున్నాయి. హెచ్‌ఓడీ గారూ, ఏడింటిదాకా తెరవండి, దయచేసి.

అయినా నా మాట ఒక్కటే: ఎంఏలో చేరినవాళ్లు మొదటి వారంలోనే ఇక్కడికి రండి, ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. వెనక వరసలో ఓ అమ్మాయి వాళ్ల అమ్మమ్మ పాడే దంపుళ్ల పాటలు ఎక్కిస్తోంది, ఇప్పటికి పద్నాలుగు అయ్యాయట. 'ఱ' ఎక్కడుందని నన్నడిగింది. షిఫ్ట్ పట్టుకుని 'జె' నొక్కమన్నా, వచ్చేసింది.

ల్యాబ్ అసిస్టెంట్ గారు తాళం పట్టుకుని నిలబడ్డారు. ఐదైంది, ఉంటానండీ.