పాత రికార్డు కొనే ముందు గాడి చూడండి: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లకు వినైల్ పాఠం

[తెర నల్లగా ఉంటుంది. ఒకే పాటలోని మొదటి పది సెకన్లు రెండుసార్లు వినిపిస్తాయి.]

విన్నారు కదా. మొదటిసారి గొంతు చీలిపోయి, ‘స’ పలికిన ప్రతిచోటా బుస్సుమంది. రెండోసారి అదే గొంతు శుభ్రంగా, తబలా దెబ్బ తబలా దెబ్బలాగే వినపడింది. మిషన్ మార్చలేదు, ముల్లు మార్చలేదు, స్పీకర్లూ అవే. రెండూ ఒకే కంపెనీ వేసిన 45 స్పీడ్ చిన్న ప్లేట్లు. కాకపోతే మొదటిది ఒక మైక్ సెట్ పెట్టెలోంచి వచ్చింది, రెండోది నెల్లూరు మూలాపేటలో ఒకరింటి బీరువాలోంచి.

[తెర మీద రెండు ప్లేట్లు పక్కపక్కన. తర్వాత మనిషి కెమెరా ముందు.]

నమస్తే. కొత్తగా రికార్డుల పిచ్చి పట్టినవాళ్లు ముందుగా అడిగేది, “అన్నా, ఏ ప్లేయర్ కొనమంటావు?” అని. దానికీ వస్తాను. నా లెక్కలో అది మూడో ప్రశ్న. ప్లేటు ఏ స్థితిలో ఉందన్నది మొదటిది. ముల్లు దాని మీద ఎలా కూర్చుందన్నది రెండోది. ఈ రెండూ కుదరకపోతే లక్ష రూపాయల మిషన్ కూడా ఆ బుస్సునే ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

[బొమ్మ: ‘V’ ఆకారంలో గాడి, అందులో ముల్లు.]

ఎల్పీ, అంటే చాలా పాటలు పట్టే పెద్ద ప్లేటు, దాని మీద గాడి సుమారు వెంట్రుక మందం ఉంటుంది. దానికి రెండు గోడలు. స్టీరియో ప్లేటులో ప్లేటు మధ్య వైపున్న గోడ ఎడమ స్పీకర్‌ది, బయటి గోడ కుడి స్పీకర్‌ది. ఒక వైపు ఇరవై రెండు నిమిషాల పాటలుంటే, ఆ గాడిని సాగదీస్తే దాదాపు అర కిలోమీటరు వస్తుంది. ప్లేటు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, ఆ వేగం మారదు. కానీ అంచు దగ్గర చుట్టు పెద్దది, లోపల చిన్నది. అందుకని ముల్లు కింద గాడి మొదట్లో సెకనుకు 50 సెంటీమీటర్లు పరిగెడితే, చివరికొచ్చేసరికి 21 సెంటీమీటర్లే కదులుతుంది. అంత సంగీతాన్నీ సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలన్నమాట. చివరి పాటలో ‘స’, ‘ష’లు గరగరలాడేది ఇందుకే. ముల్లు అరగ్గొట్టిన గాయం కూడా ముందు అక్కడే బయటపడుతుంది.

కాబట్టి అమ్మేవాళ్లు ప్లేటు వేసి వినిపిస్తామంటే మొదటి పాట కాదు, చివరి పాట వేయమనండి. అది బాగుంటే మిగతావి బాగుంటాయి.

[పాత మైక్ సెట్, ఇనుప బాకాల ఫొటోలు.]

మైక్ సెట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కందుకూరు, కనిగిరి, పొదిలి, ఆత్మకూరు వైపు పల్లెల్లో పాతప్లేట్ల కోసం వెతికితే నాకు ఎక్కువగా కనపడింది వాళ్ల దగ్గరే. పెళ్లికీ తిరునాళ్లకూ వేపచెట్టుకో కరెంటు స్తంభానికో బాకా కట్టి ప్లేట్లు వేసేవాళ్లు. తెల్లవారుజామున భక్తి పాటలు, పొద్దెక్కాక సినిమా పాటలు. హిట్టయిన పాటను ముహూర్తాలున్నన్నాళ్లూ మోగించాల్సిందే. ముల్లు మొద్దుబారినా నడిపేవాళ్లు, పందిట్లో దుమ్ము సరేసరి. అయినా అప్పట్లో ఎవరికీ తేడా తెలిసేది కాదు. బాకాలో సన్నటి పై శబ్దాలు సరిగా పలకవు కాబట్టి, అవి గాడిలోంచి అరిగిపోయినా వినేవాళ్లకు పట్టలేదు. ఇప్పుడు మనం మంచి స్పీకర్ల మీద వేస్తే ఆ పెళ్లిళ్లన్నీ వినపడతాయి.

అందుకని మైక్ సెట్ పెట్టెలు వదిలేయమని కాదు. వాటిలో జనం అడగని ప్లేట్లు ఏరుకోండి. ఆడని సినిమాలవి, వీణ కచేరీలు, ఎవరూ వేయించుకోని వాద్య సంగీతం. ఇంకో సంగతి, ప్లేటు తిప్పి చూడండి. హిట్ పాట ఉన్న వైపు బూడిద రంగుకు తిరిగిపోయి, వెనక వైపు నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. వెనక పాట కోసమే నేను కొన్న ప్లేట్లున్నాయి. అవి కొన్నందుకు ఇప్పటికీ సంతోషమే.

ఇళ్లలో దొరికేవి వేరే రకం. మద్రాసు మనకు రైల్లో పూట ప్రయాణం. అప్పట్లో తెలుగు పాటల రికార్డింగులు ఎక్కువగా జరిగిందీ అక్కడే. నెల్లూరు ఇళ్లలో సినిమా పాటలతో పాటు కర్ణాటక సంగీతం ఎల్పీలు కూడా బాగానే కనపడతాయి. వాటిలో కూడా తేడా చూసుకోవాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం ఎల్పీ 1963 నాటిది. అది ఇంట్లో ఉందంటే రోజూ పొద్దున్నే తిరిగిందనే అర్థం, అరుగుదల ఉంటుంది. అదే 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఆమె పాడిన బాలాజీ పంచరత్నమాల అయిదు ఎల్పీలు. అయిదూ రోజూ ఎవరు వేస్తారు? రెండో మూడో వేసి, మిగతావి అట్టలోనే ఉంచేస్తారు. ఆ మిగతావి దొరికితే వదలకండి.

బాలు గారి రికార్డులంటారా, నెల్లూరులో ఆ పేరు చెప్పగానే అమ్మేవాడి రేటు మారిపోతుంది. ఆయన పెరిగిన ఊరు, తిప్పరాజువారి వీధిలో ఇల్లు, అభిమానం ఉండడం సహజం. కానీ ఆయన 1966లో మొదలుపెట్టి ప్లేట్ల కాలం అయిపోయేదాకా పాడుతూనే ఉన్నారు. ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది. అరిగిన ప్లేటుకు పేరు చూసి డబ్బు పెట్టొద్దు.

[చేతిలో ప్లేటు, ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా.]

కొనేటప్పుడు ఇలా పట్టుకోండి, అంచు మీదా మధ్య కాగితం మీదా మాత్రమే వేళ్లు. లైటు కింద వాల్చి చూస్తే గాడి మెరవాలి. మెరుపు లేకుండా పాలిపోయి ఉంటే ముల్లు తినేసిందని అర్థం. దాన్ని కడిగినా రాదు. గీత కనపడితే గోటితో తాకండి. గోటికి తగిలితే మిషన్ మీద టక్కుమంటుంది. తగలని వెంట్రుక గీతలు చాలావరకు వినపడవు. తర్వాత నడుమ చిల్లు చుట్టూ చూడండి. ప్లేటు పెట్టేటప్పుడు మిషన్ నడుమ ఉండే గూటం కోసం తడుముకున్న తెల్లటి గీతలు ఉంటాయి. అవి ఎన్నుంటే అది అన్నిసార్లు తిరిగిందన్నమాట. అట్ట ఎంత కొత్తగా ఉన్నా ఈ గీతలు అబద్ధం చెప్పవు. ఆఖరున ప్లేటును కంటి ఎత్తులో పెట్టి వంకర చూసుకోండి. ఆన్‌లైన్‌లో ‘వీజీ’ (వెరీ గుడ్) అని స్థితి రాసి ఉంటే, పేరు చూసి మోసపోకండి, చిటపటలు ఖాయం. నేనైతే ‘వీజీ ప్లస్’ కింద దిగను.

ముద్రణ గురించి రెండు మాటలు. హెచ్ఎంవీ, కొలంబియా, ఓడియన్ పేర్లతో వచ్చిన మన పాటలు మద్రాసులో రికార్డయినా, ప్లేట్లు అచ్చయింది ఎక్కువగా కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో. అచ్చు కొట్టే లోహపు స్టాంపర్ కూడా అరుగుతుంది. కొత్త స్టాంపర్ మీద దిగిన ప్లేటు వేరు, దాని ఆయుష్షు చివర్లో దిగింది వేరు. ఒకే పాట ప్లేట్లు రెండు మూడు వింటే గానీ ఇది తెలియదు. అట్ట మీద ‘ఎలక్ట్రానిక్ స్టీరియో’ లాంటి మాట కనపడితే ఆగండి. అది మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం) రికార్డింగును రెండుగా చీల్చి స్టీరియోలా చేసింది. గొంతు ఎటో తేలిపోతూ ఉంటుంది. అసలు మోనో ప్లేటు దొరికితే అదే తీసుకోండి, ఘంటసాల గారి గొంతు నడిమధ్యన నిలబడుతుంది.

“మరి సీడీ కన్నా ఇది గొప్పదా?” అని అడుగుతారు. లెక్కల్లో కాదు. మెల్లని శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య సీడీలో 96 డెసిబెల్స్ చోటుంది, ప్లేటులో 60, 70 దాటదు. అయితే మన పాతపాటలు తర్వాత సీడీలకూ ఆన్‌లైన్‌కూ ఎక్కినప్పుడు చాలావాటికి హోరు తీసేస్తూ గొంతులో గాలి కూడా తీసేశారు, కొన్నింటికి ప్రతిధ్వని కలిపారు. అప్పటి మనుషులు అప్పటి టేపు నుంచి కోసిన గాడిలో ఆ చేతివాటం ఉండదు. నాకు ప్లేటు మీద మోజు అందుకే, ఫ్యాషన్ కోసం కాదు. పాత రికార్డులకు కొత్తగా వస్తున్న మళ్లీ ముద్రణలు, అదే రీఇష్యూలు, చాలావరకు డిజిటల్ ఫైలు నుంచే కోస్తారు. నిశ్శబ్దంగా ఉంటాయి, కానీ వెనక మాస్టర్ (మూల రికార్డింగు) ఏదో దాన్ని బట్టే రుచి.

[టర్న్‌టేబుల్. చేయి, బరువు, ముల్లు దగ్గరి నుంచి.]

ఇప్పుడు మిషన్. సూట్‌కేసులా మూసే రంగురంగుల ప్లేయర్లు చూడముచ్చటగా ఉంటాయి. వాటిలో ఉండే సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే భాగం) గాడి మీద అయిదు గ్రాములు, ఆ పైన బరువు మోపుతుంది. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కు రెండు గ్రాములు చాలు. ఉదాహరణకు ఆడియో టెక్నికా వీఎం95ఈకి 1.8 నుంచి 2.2 గ్రాములు. తక్కువ పెడితే మంచిదేమో అనుకోకండి. ముల్లు గాడిలో ఎగిరెగిరి గోడల్ని కొడుతుంది, అది ఇంకా నష్టం. కంపెనీ చెప్పిన అంకె మధ్యలో పెట్టండి. గ్రాముల్లో వందో వంతు తూచే చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, ఈ పనికి అదే చాలు. బల్ల సమంగా ఉందో లేదో మేస్త్రీల రసమట్టంతో చూసుకోండి. స్పీకర్లు అదే బల్ల మీద పెట్టొద్దు, వాటి అదురు ముల్లుకెక్కి ఊళపెడుతుంది.

యాంప్లిఫయర్‌లో ‘ఫోనో’ అని రాసిన చోటే కలపాలి. ప్లేటు కోసేటప్పుడు కింది శబ్దాల్ని తగ్గించి, పై శబ్దాల్ని పెంచి కోస్తారు. బాస్‌ను ఉన్నదున్నట్టు కోస్తే గాడి వెడల్పై ఎల్పీలో పాటలు పట్టవు. 1954 ప్రాంతం నుంచి దీనికి ఆర్ఐఏఏ అనే ఒకే కొలత ఉంది. ఫోనో సాకెట్ వెనక ఉండే ప్రీఆంప్ దాన్ని తిరగేసి అసలు రూపానికి తెస్తుంది. అది లేకుండా మామూలు సాకెట్‌లో పెట్టి, “రేకు డబ్బా మోగినట్టుంది, ప్లేటు పాడైంది” అని మంచి ప్లేట్లు పారేసినవాళ్లున్నారు. గుయ్‌మని హమ్ వస్తే ఎర్త్ వైరు బిగించలేదని అర్థం.

78 స్పీడ్ ప్లేట్లు మాత్రం వేరే లోకం. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారి తొలినాళ్ల పాటలు వెతికితే చేతికొచ్చేవి అవే. అవి లక్కతో చేసినవి, పడితే పలకలా పగులుతాయి. మన దేశంలో 1960ల్లో కూడా వచ్చాయి. వాటి గాడి వెడల్పుగా ఉంటుంది, అందుకని ముల్లు మొన ఎల్పీ ముల్లుకు దాదాపు నాలుగింతలు ఉండాలి. ఎల్పీ ముల్లు వేస్తే అది గాడి అడుగున పడి దొర్లుతుంది. ఇక బాకా గ్రామఫోన్ ఉక్కు ముల్లు కింద ఎల్పీ పెట్టారంటే ఆ ఎల్పీ సంగతి మర్చిపోండి.

[సింకు, మెత్తటి గుడ్డ, నీళ్ల సీసా.]

కడగడం. మన బోరు నీళ్లు వద్దు. కనిగిరి, దర్శి వైపైతే అసలు వద్దు. ఆరాక ఆ లవణాలన్నీ గాడిలో పేరుకుంటాయి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. అందులో ఒక్క చుక్క లిక్విడ్ సోప్ వేసి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగిన దారినే తుడవాలి, అడ్డంగా కాదు. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తుడిచి, నీడన నిలబెట్టి ఆరనివ్వండి. మధ్య కాగితం తడవకూడదు. లక్క ప్లేట్లకు స్పిరిట్ కానీ శానిటైజర్ కానీ తగలనీయొద్దు, లక్క కరిగిపోతుంది.

[అటక మీద అట్టపెట్టెలు.]

మన దగ్గర ప్లేట్లను చంపేది ఇదిగో, ఈ అటక. మే నెలలో శ్లాబు కాలిపోతుంటే దాని కింద మూర ఎడంలో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెడతాం. ఎల్పీలు చేసే వినైల్ ప్లాస్టిక్ 60 డిగ్రీలు దాటితే మెత్తబడడం మొదలవుతుంది. అంత వేడి లేకపోయినా, వేడీ పైబరువూ కలిసి నెలల తరబడి ఉంటే వంగుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులోనైతే ఒక్క మధ్యాహ్నం చాలు. కింది గదిలో, ఎండ పడని గోడ పక్కన, పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. గోడకు ఆనించకండి, చెదలు ముందు అట్టనే తింటాయి. వానాకాలం కన్నా మనకు ఈశాన్య రుతుపవనాల నెలలు కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అప్పుడప్పుడూ బీరువా తెరిచి గాలి తగలనివ్వండి, లేకపోతే బూజు.

నీళ్లలో మునిగిన ప్లేట్ల గురించి కూడా అడుగుతుంటారు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలా తడిసిన పెట్టెలు చూసి జనం మొత్తం చెత్తలో వేసేస్తారు. అట్టలు పోతాయి నిజమే, వినైల్‌కు నీళ్ల వల్ల ఏమీ కాదు. బురద ఆరకముందే అట్టలోంచి తీసి కడగాలి, ఆరితే గాడిలో గట్టిపడుతుంది. లేబుల్ చెరిగిపోయి ఏ ప్లేటో తెలియకపోతే, ఆఖరి పాటకూ లేబుల్‌కూ మధ్య నున్నటి జాగాలో లైటు వేసి చూడండి. అక్కడ ఒక నంబరు చెక్కి ఉంటుంది. దాన్ని ఆన్‌లైన్‌లో వెతికితే చాలాసార్లు సినిమా పేరు దొరుకుతుంది.