పైన్‌వుడ్ డెర్బీ కారు: ఏ పని పాపది, ఏ పని మనది?

(తెర: వంటింటి బల్ల మీద పరిచిన పాత పేపరు. దాని మీద ఒక చెక్క దిమ్మ, నాలుగు నల్ల చక్రాలు, నాలుగు మేకులు.)

నమస్కారమండీ. అమెరికాలో ఉంటూ పిల్లల్ని కబ్ స్కౌట్స్‌లో, అంటే చిన్నపిల్లల స్కౌట్ దళంలో, చేర్పించినవాళ్ళకి ఈ డబ్బా చూడగానే తెలిసిపోతుంది. పైన్‌వుడ్ డెర్బీ అనే ఈ చెక్క కార్ల పందేలు ఎక్కువగా చలికాలంలో జరుగుతాయి కాబట్టి అంతకు కొన్ని వారాల ముందు ప్యాక్ (అంటే మన ఊరి స్కౌట్ బృందం) మీటింగులో పిల్లల చేతిలో ఇది పెట్టి పంపిస్తారు. లోపల ఉండేది ఇంతే: 7 అంగుళాల పైన్ చెక్క దిమ్మ, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, ఇరుసులుగా వాడటానికి నాలుగు మేకులు. మోటారు లేదు, బ్యాటరీ లేదు. దీన్ని కారుగా చెక్కి ఏటవాలు ట్రాక్ మీద వదిలితే సుమారు 3 సెకన్లలో కిందికొచ్చి గీత దాటుతుంది.

కారు ఎలా చేయాలో ఈ వీడియోలో చూపిస్తాను. దాంతోపాటు ఎక్కడ మన చెయ్యి పడాలి, ఎక్కడ తీసేయాలి అన్నది కూడా చెప్పాలనుంది. మొదటి ఏడాది నేను సరిగ్గా అక్కడే తప్పు చేశాను.

అప్పుడు మా అమ్మాయి ఒకటో తరగతి. స్కౌట్స్ లెక్కలో టైగర్. తను పడుకున్నాక గరాజ్‌లో కూర్చుని నాలుగు రాత్రులు నేనే కోశాను, నేనే గీకాను, నేనే రంగేశాను. కారు అద్దంలా మెరిసింది. పందెం రోజు బరువు చూసే బల్ల దగ్గర ఒక పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని, "నీ కారులో నీకు బాగా నచ్చింది ఏంటమ్మా?" అని పాపని అడిగారు. తను కారు అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి వెనకవైపు మూలనున్న చిన్న సీతాకోకచిలుక మీద వేలు పెట్టి, "ఈ స్టిక్కరు నేను అంటించాను" అంది.

ఆ రోజు మాకు మూడో స్థానం వచ్చింది. ఆ స్థానం నాది, తనది కాదు. ఆ సంగతి నాకు బల్ల దగ్గరే అర్థమైంది.

(తెర: పాత ఫొటోల తరహా బొమ్మ. రెండు వరసల చెక్క ట్రాక్.)

అసలు ఈ ఆట ఎలా పుట్టిందో చూస్తే ఎవరి పని ఏదో ఇంకా బాగా తెలుస్తుంది. కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో డాన్ మర్ఫీ అనే ఆయన ఉండేవారు. నార్త్ అమెరికన్ ఏవియేషన్ అనే విమానాల కంపెనీలో ఉద్యోగం. కబ్ స్కౌట్ ప్యాక్ 280సీకి నాయకుడు, అంటే కబ్‌మాస్టర్. అప్పట్లో పిల్లలు తామే కూర్చుని నడిపే సోప్ బాక్స్ డెర్బీ బండ్ల పందేలకి పెద్ద పేరు. వాటిలో చేరాలంటే 12 ఏళ్ళు నిండాలి. ఆయన కొడుక్కి 10. సరే, కూర్చుని నడిపే బండి కాకపోతే చేతిలో పట్టే బండి చేద్దాం అనుకున్నారు మర్ఫీ. 1953 మే 15న అక్కడి స్కౌట్ హౌస్‌లో మొదటి పందెం జరిగింది. మరుసటి ఏడాది అక్టోబరులో స్కౌట్స్ వాళ్ళ బాయ్స్ లైఫ్ పత్రిక ఆ కారు నమూనా అచ్చేసింది. ఇక దేశమంతా పాకింది.

తండ్రీ కొడుకులు ఒక బల్ల దగ్గర కూర్చుని చేత్తో పని చేయాలని, ఓడినా గెలిచినా మర్యాదగా ఉండటం పిల్లలు నేర్చుకోవాలని ఆయన కోరిక. 2018 నుంచి ఆడపిల్లల్ని కూడా కబ్ స్కౌట్స్‌లో చేర్చుకుంటున్నారు. కబ్ స్కౌట్స్‌ని నడిపే సంస్థకున్న బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా అన్న పేరే 2025 ఫిబ్రవరిలో స్కౌటింగ్ అమెరికాగా మారింది. ఇప్పుడు ఆ బల్ల దగ్గర అమ్మలు ఉన్నారు, కూతుళ్ళు ఉన్నారు, సెలవులకి ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలు కూడా ఉన్నారు.

తాతయ్యలంటే గుర్తొచ్చింది. మనలో పల్లెల్లో పెరిగినవాళ్ళు ముంజకాయల బండి చేసుకునే ఉంటారు. ముంజలు తినేశాక మిగిలిన రెండు తాటికాయలకి మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ వీధంతా తిరిగేవాళ్ళం. ఆ బండి మనకి ఏ నాన్నా చేసి పెట్టలేదు. పుల్ల వంకరగా ఉంటే బండి పక్కకి లాగుతుందని మనంతట మనమే తెలుసుకున్నాం. డెర్బీ కారులో ఉన్న సగం విద్య అదే.

(తెర: పాప గీసిన బొమ్మ. ఊదారంగు వంకాయ, ఆకుపచ్చ తొడిమ, కింద నాలుగు చక్రాలు.)

రెండో ఏడాది బొమ్మ గీయమని కాగితం పాపకే ఇచ్చాను. వంకాయ గీసింది. కారుకి వంకాయ ఆకారం ఏమిటని మీకు అనిపించవచ్చు. పర్వాలేదండీ. ఇంత చిన్న కారు, ఇంత చిన్న దూరం. ఆకారం వల్ల వచ్చే తేడా కొంచెమే. ఆకారం మొత్తం పిల్లలకే వదిలేయండి.

రంపం పని మాత్రం మనది. కరెంటు రంపం దగ్గరికి పిల్లల్ని అసలు రానివ్వకూడదు. పాప గీసిన గీత వెంబడే కోయండి, మీకు నచ్చినట్టు కాదు. కోశాక దిమ్మ పాప చేతికిచ్చేయాలి. ముందు 80 నంబరు సాండ్‌పేపరు, తర్వాత 150, ఆఖరికి 220. పైన్ మెత్తటి చెక్క, ఏడేళ్ళ చేతులకి కూడా లొంగుతుంది. సాండ్‌పేపరు చెక్క ముక్కకి చుట్టి ఇస్తే పట్టు దొరుకుతుంది. ఒక్క రోజులో అవ్వదు. మా ఇంట్లో రోజూ హోంవర్కు అయ్యాక పావుగంట చొప్పున వారం పట్టింది. ఒకవైపు కాస్త పల్లం వచ్చింది. నా చేతులు దురదపెట్టాయి, సరిచేద్దామని. చేయలేదు.

(తెర: డిజిటల్ కాటా మీద కారు.)

ఇప్పుడు బరువు. గరిష్ఠంగా 5 ఔన్సులు, అంటే సుమారు 142 గ్రాములు. అంతకు మించితే పోటీలోకి రానివ్వరు. తక్కువైతే నష్టం మనకే. పాప ఒకరోజు అడిగింది: "బరువైనా తేలికైనా వస్తువులన్నీ ఒకే వేగంతో పడతాయని బడిలో చెప్పారు కదా నాన్నా, మరి బరువెందుకు?"

మంచి ప్రశ్న. గాలి లేకపోతే అది నిజం. మన ట్రాక్ మీద గాలి ఉంది. కారు ముందుకెళ్తుంటే గాలి ఎదురు తోస్తుంది. చక్రాలు గిరగిరా తిరగడానికి కూడా కొంత శక్తి ఖర్చవుతుంది. కారు బరువు పెరిగినంత మాత్రాన ఈ రెండు ఖర్చులూ పెరగవు. బరువైన కారు దగ్గర మొదట్లో ఉన్న శక్తి ఎక్కువ. ఖర్చు మాత్రం అంతే. కాబట్టి దానికి ఎక్కువ మిగులుతుంది. నేను డబ్బుతో చెప్పాను: ఇద్దరికీ బస్సు టికెట్టు పది రూపాయలే, ఒకరి జేబులో ఇరవై, ఇంకొకరి జేబులో వంద. వెంటనే పట్టేసింది.

బరువు ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. వెనకవైపు పెట్టండి. పైనుంచి బయల్దేరేటప్పుడు కారు ఏటవాలుగా నిలబడుతుంది కదా, ముక్కు కిందికి, తోక పైకి. తోకలో ఉన్న బరువు ఎక్కువ ఎత్తునుంచి దిగుతుంది. ఆ అదనపు ఎత్తు ఒక అంగుళం ఉంటే గొప్ప, కానీ గెలుపోటములు తేలేది అంగుళాల్లోనే. అలాగని మరీ వెనక్కి పెడితే ముందు చక్రాలు తేలిపోయి కారు ఊగుతుంది. స్కేలు అంచు మీద కారుని పెట్టి చూడండి. వెనక ఇరుసుకి సుమారు అంగుళం ముందు అది అటూ ఇటూ ఒరగకుండా నిలవాలి. పాపకి ఇది బాగా నచ్చిన ఆట. కూర్చుని పదిసార్లు జరిపి జరిపి చూసింది.

బరువుకి టంగ్‌స్టన్ బిళ్ళలు దొరుకుతాయి. సీసం కన్నా చాలా బరువు, తక్కువ చోటులో ఇముడుతాయి. సీసం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, అది విషం. ఖర్చెందుకనుకుంటే 1982 తర్వాత వచ్చిన పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, ఒక్కోటి 2.5 గ్రాములు, అవి జిగురుతో అంటించినా చాలు. కాటా మీద కారు పెట్టి, ఒక్కో పెన్నీ పెట్టి లెక్క రాయడం పాప పని. ఆఖరికి రంగు, జిగురు కూడా బరువేనని గుర్తుపెట్టుకోండి.

(తెర: మేకు, బాగా దగ్గరగా. తల కింద సన్నని రెండు గీతలు.)

ఇక్కడ కాస్త దగ్గరికి రండి. పందెం గెలిచేది ఇక్కడే. ఈ మేకు తల కింద చూశారా, సన్నని గీతలు? తయారీలో అచ్చు పట్టుకున్నచోట పడిన గాట్లు ఇవి. వేలితో నిమిరితే గరుగ్గా తగులుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా ఆ గరుకు రాపిడి అడ్డుపడుతుంది. మేకుని డ్రిల్లులో బిగించి నేను తిప్పుతాను, ముందు ఆకురాయితో ఆ గాట్లు తీసేస్తాను. ఆ తర్వాత 400, 600, 1000, 2000 నంబరు సాండ్‌పేపరు తడిపి, సన్నటి పట్టీలా కోసి, పాప రెండు చివర్లూ పట్టుకుని మేకు మీద ఆనిస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకుంది, జుట్టు ముడేసింది, పొడుగు చేతుల చొక్కా విప్పేసింది. ఈ మూడూ తప్పనిసరి. 2000కి వచ్చేసరికి మేకు వెండి పట్టీలా తళతళలాడింది.

తర్వాత గ్రాఫైట్ పొడి. పెన్సిల్ ములుకులో ఉండేదే. నూనెలు వాడకూడదు, పొడి కందెనే వాడాలి. ఆరుబయట, పేపరు మీద చేయండి, పీల్చకండి. పాప వేళ్ళు కాటుక డబ్బాలో పెట్టినట్టయ్యాయి.

చక్రం బిగించేటప్పుడు ఒక కొలత ఉంది. చక్రానికీ చెక్కకీ మధ్య క్రెడిట్ కార్డు మందం సందు ఉండాలి. కార్డు పెట్టి, మేకు దింపి, కార్డు లాగేయండి. అంతా అయ్యాక నేల మీద తిన్నగా టేపు అంటించి కారుని మెల్లగా దొర్లించండి. పక్కకి పోతుంటే మేకుని ఇసుమంత తిప్పండి. మళ్ళీ దొర్లించండి. ముంజకాయల బండి ఇక్కడే పనికొచ్చింది. వంకర పుల్ల కథ చెప్పగానే, ఎటు తిప్పాలో పాపే చెప్పింది. కొందరు ఒక ముందు చక్రాన్ని నేలకి తగలకుండా కాస్త ఎత్తి పెడతారు. నాలుగూ తగలాలనే ప్యాక్‌లు కూడా ఉన్నాయి, మీ నియమాల కాగితం ముందే చదవండి.

(తెర: అల్యూమినియం ట్రాక్, చుట్టూ నేల మీద కూర్చున్న పిల్లలు.)

పందెం రోజు కారుకి సంబంధించింది ఏదీ మీరు ముట్టుకోకండి. బరువు చూసి తీసుకున్నాక పందెం అయ్యేదాకా కారు నిర్వాహకుల దగ్గరే ఉంటుంది. మనకి మిగిలిన పని పాప పక్కన కూర్చోవడమే. కారు ఓడితే "ట్రాక్ బాగాలేదు", "వాళ్ళ నాన్న ఇంజనీరు" లాంటి మాటలు పాప చెవిన పడనివ్వకండి. నేను విన్నాను అలాంటివి. పక్కన ఉన్న పిల్లల ముఖాలు చూశాను కాబట్టి చెప్తున్నాను.

మా వంకాయ మధ్యలో ఎక్కడో వచ్చింది. ఒక రౌండులో గెలిచింది, మిగతావాటిలో లేదు. పాప ఏడవలేదు. కారుని తిరగేసి చక్రాలు ఒక్కొక్కటీ వేలితో తిప్పి చూసుకుంటూ కూర్చుంది.

పక్కన ఒక చిన్న బాబు, కిండర్‌గార్టెన్, లయన్. వాడి కారు ట్రాక్ చివర గుద్దుకుని ఒక చక్రం ఊడొచ్చింది. ఇంకో రౌండు ఉంది. వాళ్ళమ్మ మేకుని లోపలికి నొక్కేసి ఇస్తే చక్రం తిరగడం లేదు. మా అమ్మాయి వెళ్ళి వాడి పక్కన కింద కూర్చుంది. ఆ కారు చూసింది. తల ఎత్తకుండానే నా వైపు చెయ్యి చాపింది.

"నాన్నా, నీ కార్డు ఇయ్యి. సందు పెట్టాలి."