మరుగుజ్జుల చేతికి గొడ్డలి ఎలా వచ్చింది?

సభకు నమస్కారం.

ఫాంటసీ కథల్లోనూ ఆటల్లోనూ మరుగుజ్జు అనగానే మన మనసులో మెదిలే రూపం ఒకటుంది. పొట్టిగా, వెడల్పుగా ఉండే దేహం, నడుము దాకా వేలాడే గడ్డం, భుజాన గండ్రగొడ్డలి, అది కాకుంటే చేతిలో సమ్మెట. ఆ కథల్లోని మరో జాతి అయిన ఎల్ఫ్‌కు విల్లు, మనిషికి కత్తి ఎంత సహజంగా అమరినట్టు తోస్తాయో, మరుగుజ్జుకు ఈ రెండూ అంత సహజంగానే తోస్తాయి. అయితే ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదని నా అభిప్రాయం. సమ్మెట మరుగుజ్జుల వృత్తిలోంచి వచ్చింది. గొడ్డలి వేరే దారిన, చాలా ఆలస్యంగా వచ్చి చేరింది.

ఉత్తర ఐరోపా పాత కథల్లోని మరుగుజ్జులు ప్రధానంగా యోధులు కారు, కమ్మరులు. 13వ శతాబ్దపు తొలి భాగంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ కూర్చిన ‘ఎడ్డా’ అనే పురాణ కథల గ్రంథంలో దేవతల రాజు ఓడిన్ ఈటె గుంగ్నిర్, ఉరుముల దేవుడు థోర్ సమ్మెట మ్యోల్నిర్ వాళ్ల కొలిమిలో తయారైనవే. ఆ సమ్మెటను సాగగొడుతున్న సమయంలో, కొలిమితిత్తి ఊదుతున్న బ్రొక్ అనే మరుగుజ్జును, మాయలమారి దేవుడు లోకి ఈగ రూపంలో వచ్చి కనురెప్ప మీద కుడతాడు. కంట్లోకి కారిన నెత్తురు తుడుచుకోవడానికి అతడు ఒక్క క్షణం చెయ్యి తీసేసరికి ఆ సమ్మెట పిడి పొట్టిదైపోతుంది. దేవతల ఆయుధాలన్నిటిలోకీ గొప్పదిగా ఎంచిన వస్తువులో పనితనపు లోపం ఒకటి మిగిలిపోవడం, ఆ లోపానికి కూడా కథ కారణం చెప్పడం, ఈ కథలు చెప్పినవారికి కొలిమి పని ఎంత దగ్గరిదో తెలుపుతాయి. అయినా ఆ సమ్మెటతో రాక్షసులను చంపేది థోర్ తప్ప దాన్ని చేసినవాడు కాదు. హెర్వోర్ సాగా అనే పాత ఐస్‌లాండ్ కథలో డ్వాలిన్, దురిన్ అనే మరుగుజ్జులు నిర్బంధానికి లోబడి టిర్ఫింగ్ అనే కత్తిని చేసి, దూసిన ప్రతిసారీ అది ఒక ప్రాణం తీసేటట్టు శపిస్తారు. ఆ కత్తి పట్టి తిరిగేవారు కూడా మనుషులే. సుమారు 1200లో జర్మన్ భాషలో వెలసిన ‘నీబెలుంగెన్‌లీడ్’లో ఆల్బెరిష్ అనే మరుగుజ్జు స్వయంగా పోరాడతాడు కానీ, అతని చేతిలో ఉండేది ఏడు బరువైన గుండ్లు వేలాడే బంగారు కొరడా. గొడ్డలి ఊసు అక్కడ లేదు.

గనుల వైపు చూసినా గొడ్డలికి పెద్దగా ఆధారం దొరకదు. గనుల శాస్త్రానికి పునాది వేసిన గెయోర్గ్ అగ్రికోలా 1549లో రాసిన పుస్తకంలో, గని కార్మికుల మాదిరిగా దుస్తులు వేసుకొని నడుముకు తోలు కట్టుకొని భూగర్భంలో తిరిగే పొట్టి భూతాల గురించి ప్రస్తావించాడు. అవి రోజంతా ఎడతెగని పనిలో ఉన్నట్టే కనిపిస్తాయట గానీ నిజానికి ఏ పనీ చెయ్యవట! జర్మన్ గని కార్మికుల సంప్రదాయ చిహ్నంలో సైతం ఒకదానికొకటి అడ్డంగా ఉండేవి సుత్తి, రాతిని చెక్కే ఇనుప పనిముట్టు. సాక్సనీ ప్రాంతపు గని కార్మికులు ఊరేగింపుల్లో అలంకార గొడ్డళ్లు పట్టుకొనేవారన్నది నిజమే కానీ, అవి హోదాకు గుర్తులు, రాయి పగలగొట్టే పనిముట్లు కావు.

మరి గొడ్డలి ఎక్కడి నుంచి వచ్చింది? ఆధునిక ఫాంటసీకి రూపమిచ్చిన టోల్కీన్ దగ్గర ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. 1937లో వెలువడిన ‘ది హాబిట్’లో మరుగుజ్జుల నాయకుడు థోరిన్ చాలాకాలం ఎల్ఫ్‌లు చేసిన కత్తినే ధరిస్తాడు. అతని బంధువు డయిన్ వెంట వచ్చిన మరుగుజ్జుల సేన రెండు చేతులతో ఎత్తి కొట్టే బరువైన పలుగులు పట్టుకొని, పక్కన పొట్టి వెడల్పాటి కత్తులు వేలాడదీసుకొని వస్తుంది. గనుల్లో బతికే జాతికి ఇంతకన్నా తర్కబద్ధమైన ఆయుధ సామగ్రి నాకు మరెక్కడా కనిపించలేదు. అయినా పాఠకుల మనసులో నిలిచింది ఆ పలుగు కాదు, 1954, 1955 సంవత్సరాల్లో మూడు భాగాలుగా వచ్చిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో గిమ్లీ అనే మరుగుజ్జు యోధుడు పట్టిన గొడ్డలి. అక్కడ మరుగుజ్జుల రణనినాదం కూడా గొడ్డళ్ల పేరుతోనే మొదలవుతుంది.

దీనికి ఒక కారణం ఉత్తర ఐరోపా యోధుల ఛాయ. 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధాన్ని చూపే బేయో వస్త్రపటంలో పొడవైన కామ గల గొడ్డళ్లు పట్టిన ఇంగ్లిష్ సైనికులు కనిపిస్తారు. బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తుల అంగరక్షకులైన వరాంగియన్లు అనే ఉత్తరాది యోధులు కూడా గొడ్డళ్లకే పేరుపడ్డారు. టోల్కీన్ తన మరుగుజ్జుల పేర్లను చాలావరకు ‘వోలుస్పా’ అనే నార్స్ (పాత స్కాండినేవియా) కావ్యం నుంచి తీసుకున్నాడు. పేర్లు అక్కడివైనప్పుడు, ఆ ఉత్తరాది సముద్రాల మీద తిరిగిన యోధుల ఆయుధం కూడా వెంట రావడంలో వింత లేదు.

రెండో కారణం మరింత ముఖ్యమైనదని నా భావన. ఎల్ఫ్‌లు అడవిని ప్రేమించే జాతి. గొడ్డలి చెట్టుకు శత్రువు, అందుకే వాళ్లకు భిన్నమైన మరుగుజ్జుల చేతికి అది చక్కగా అమరింది. గిమ్లీ వంగి నమస్కరించినప్పుడు అతని నడుమున ఉన్న గొడ్డలి జారి నేల మీద పడుతుంది, వృక్షపాలకుడైన ట్రీబియర్డ్ అనుమానంగా చూస్తాడు. 1977లో అచ్చయిన ‘సిల్మరిలియన్’లో మరుగుజ్జులను సృష్టించిన ఔలె, వృక్షజాతిని పోషించే యవన్నా భార్యాభర్తలు. చెట్ల రక్షణ గురించి ఆమె ఎంత మాట్లాడినా, తన వాళ్లకు కలప అవసరం ఎలాగూ ఉంటుందని అతడు తేల్చేస్తాడు. ఆ మాటలో వాస్తవం ఉంది. మధ్యయుగపు కొలిమికి కట్టెబొగ్గు కావాలి, గని పైకప్పును నిలపడానికి దూలాలు కావాలి, గట్టి రాతిని వేడి చేసి పగలగొట్టడానికి గుట్టలుగా కట్టెలు కావాలి. గొడ్డలి గనిలోపలి పనిముట్టు కాకపోయినా, గనిని నడిపించేది మాత్రం అదే.

పొట్టి చేతులవారికి గొడ్డలి అనువైనదనే వివరణ తరచుగా వినిపిస్తుంది. దాన్ని నేను అంగీకరించలేను. చెయ్యి పొట్టిదైతే ఆ కొరత తీర్చేది ఈటె. ఇరుకు సొరంగంలో చెయ్యి ఊపడానికి చోటుండదు గనుక అక్కడ పొడిచే ఆయుధమే పనికివస్తుంది. సమ్మెట విషయంలో కూడా ఆటల చిత్రాలు అతిశయోక్తులే. 14, 15 శతాబ్దాల్లో రేకు కవచాల మీద వాడిన నిజమైన యుద్ధసుత్తికి చిన్న తలే ఉండేది, మొత్తం బరువు చాలాసార్లు రెండు కిలోలు కూడా దాటేది కాదు. దాగలిని కామకు తగిలించినట్టుండే ఆటల సమ్మెటను ఎత్తినవాడు రెండో దెబ్బ కొట్టేలోపే ఎదుటివాడు పని ముగించేస్తాడు.

మరుగుజ్జుకు గొడ్డలి, సమ్మెట ఇచ్చే ఈ అలవాటు శాసనంగా మారింది ఆటల నియమాల్లో. 1974 నాటి తొలి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాత్రధారణ ఆట ప్రకారం ఒక మాయా యుద్ధసుత్తిని పూర్తి శక్తితో వాడగలిగేది మరుగుజ్జు మాత్రమే. విసిరితే అది తిరిగి చేతికి వస్తుంది, అంటే అది థోర్ సమ్మెటే, ఈసారి చేసినవాళ్ల జాతికే దక్కింది. అదే ఆట 2014 నియమాల్లో మరుగుజ్జు ఏ వృత్తిలో ఉన్నా రెండు రకాల గొడ్డళ్లు, రెండు రకాల సుత్తులు వాడటం పుట్టుకతోనే వచ్చిన విద్య అయింది. అలా అని కమ్మరి వారసత్వం ఆగిపోలేదు. 2002లో వచ్చిన ‘వార్‌క్రాఫ్ట్ 3’ అనే కంప్యూటర్ ఆటలో మరుగుజ్జుల నాయకుడు ఒక చేత సమ్మెట, మరో చేత గొడ్డలి పట్టి వస్తాడు, అతని వెంట నడిచే సాధారణ మరుగుజ్జు సైనికుల చేతుల్లో ఉండేవి తుపాకులు, అవీ కమ్మరి పనితనమే.