పచ్చగా ఉన్న మొక్కలోనే ఉంది

శ్రోతలకు నమస్కారం.

పర్లాకిమిడిలో మా పెరట్లో షేడ్ నెట్ కింద నలభై దాకా ఆర్కిడ్ కుండీలు ఉండేవి. ఎక్కువగా డెండ్రోబియంలు, కొన్ని కాట్లేయాలు. వాటికి మట్టి అక్కర్లేదు, బొగ్గు ముక్కలు, కొబ్బరి పీచు చాలు. మహేంద్రగిరి మీద చెట్ల కొమ్మల్ని కరుచుకుని పూసే ఆర్కిడ్లను చిన్నప్పుడే చూశాను. ఆ పూల మీద ఇష్టం అప్పుడు మొదలైంది, ఇప్పటికీ పోలేదు.

మూడేళ్ల కిందట మా వదిన తన కుండీలోంచి ఒక పిలక ఇచ్చింది. ఆకు నిగనిగలాడుతోంది, పూవు లేత ఊదా రంగు. బాగా పెరిగాక ఒకరోజు కూర్చుని దాన్నీ, మిగతా కుండీలనూ పిలకలు విడదీశాను. అన్నిటికీ ఒకటే బ్లేడు. కొన్ని నెలలకు నాలుగైదు మొక్కల ఆకుల మీద పసుపు చారలు వచ్చాయి, ఆకు అడుగున నల్లటి గుంటలు పడ్డాయి. పూలు విచ్చుకున్న కొద్ది రోజులకే గోధుమ రంగు మచ్చలతో వాడిపోయేవి. ఎరువు మార్చాను, నీళ్లు తగ్గించాను, బూజు మందు కొట్టాను. ఏదీ పనిచేయలేదు.

చివరికి ఆకు ముక్కలు ఒక ల్యాబుకు పంపాను. ఆర్కిడ్లలో ఎక్కువగా కనబడే వైరస్‌లు రెండు. ఒకటి సింబిడియం మొజాయిక్, రెండోది ఒడంటోగ్లాసం రింగ్‌స్పాట్. ఈ రెండోది పొగాకు తోటల్ని పాడుచేసే మొజాయిక్ వైరస్ కుటుంబానిదే. మామూలు మైక్రోస్కోపులో ఇవి కనపడవు. మరి ఎలా పట్టుకుంటారు? గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిదాన్ని కాబట్టి వాడుక మాటల్లోనే చెబుతాను.

శుద్ధి చేసిన వైరస్‌ను కుందేలుకు సూదిమందుగా ఇస్తారు. అది మొక్కల వైరస్ కాబట్టి కుందేలుకు ఆ రోగం రాదు. కానీ దాని ఒంట్లో ఆ వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు పుడతాయి. సాయంత్రం మంద ఊళ్లోకి వస్తే దూడ అన్ని ఆవుల్లోనూ తల్లినే పోల్చుకుంటుంది కదా, యాంటీబాడీ కూడా ఆకు రసంలో ఎన్ని పదార్థాలున్నా తన వైరస్‌కే అతుక్కుంటుంది.

ల్యాబులో చేసే ఎలైజా పరీక్షకు 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం వాడతారు. మన ఇడ్లీ రేకును బాగా చిన్నది చేసినట్టుంటుంది. గుంట అడుగున, కుందేలు రక్తంలోంచి తీసిన ఆ యాంటీబాడీలు అంటించి, నూరిన ఆకు రసం పోస్తారు. వైరస్ ఉంటే అక్కడ చిక్కుకుంటుంది. మిగతాది కడిగేసి, రంగు తెప్పించే ఎంజైమ్ కట్టిన యాంటీబాడీని మళ్లీ పోస్తారు. అది వైరస్ ఉన్నచోటే నిలుస్తుంది. మళ్లీ కడిగి చివరి ద్రవం పోస్తే, వైరస్ ఉన్న గుంట పసుపు రంగుకు తిరుగుతుంది. 1970ల నుంచి మొక్కల వైరస్‌లకు ఈ పద్ధతి వాడుతున్నారు. ఇంట్లో వాడుకునే స్ట్రిప్‌లూ వచ్చాయి. కోవిడ్ రోజుల్లో చూసినవాటిలాగే రెండు గీతలు పడితే వైరస్ ఉన్నట్టు, పై గీత ఒక్కటే పడితే దొరకలేదన్నట్టు. కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది.

దొరకలేదంటే లేదని కాదు. వైరస్ మొక్క అంతటా ఒకేలా ఉండదు. తీసిన ఆకులో తక్కువగా ఉంటే తప్పించుకుంటుంది. ఏ వైరస్‌కు చేసిన స్ట్రిప్ ఆ వైరస్‌నే చూపిస్తుంది. అందుకే కొంత వ్యవధి ఇచ్చి, ఇంకో ఆకుతో మళ్లీ చూడాలి.

నా ఫలితాల్లో చారలున్న మొక్కలన్నిటికీ వైరస్ ఉంది. వదిన ఇచ్చిన మొక్కకూ ఉంది. దాని మీద ఒక్క మచ్చ లేదు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయితే ఏ మొక్క నుంచి ఏ మొక్కకు పాకిందో పరీక్ష చెప్పదు. వదిన మొక్క నుంచి నా కుండీలకు వచ్చిందో, నా కుండీల నుంచే దానికి పోయిందో తెలియదు. బ్లేడు మాత్రం నా చేతిలోదే. ఈ రెండు వైరస్‌లూ పురుగుల వల్ల కాదు, రసం అంటిన కత్తెర, బ్లేడు, చేతులు, వాడిన కుండీల వల్లే ఎక్కువగా పాకుతాయి.

వైరస్ సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. పిలక తీసినా రోగం పిలకతోనే వస్తుంది. పదిహేడు కుండీలు ఖాళీ చేశాను. వదినకు చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. చెప్పగానే ఆవిడ, "నా దాన్నీ చూడమ్మా, తేలితే తీసేద్దాం" అంది. చూశాం. తేలింది.

ఇప్పుడు ఎవరు పిలక ఇచ్చినా దాన్ని కొన్ని నెలలు విడిగా ఉంచి, రెండుసార్లు పరీక్ష చేశాకే మిగతావాటి దగ్గర పెడుతున్నాను. ఒక మొక్కకు ఒక బ్లేడే వాడి పారేస్తాను. కత్తెర అయితే మంటలో ఎర్రగా కాల్చి, చల్లారాకే ఇంకో మొక్కకు పెడతాను. మొక్క మారినప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కుంటాను. పని కాస్త నెమ్మదే. వదిన కొన్న కొత్త డెండ్రోబియం ప్రస్తుతం మా అరుగు చివర, మిగతావాటికి దూరంగా ఉంది. మొదటి పరీక్షలో ఒకటే గీత పడింది. రెండోది వచ్చే నెల చెయ్యాలి.