తల లేస్తలేదు సార్

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఒక్కొక్కటిగా చదవమని నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. అవన్నీ చదివితే నాకిచ్చిన అరగంటలో ఏడు నిమిషాలు వాటికే పోతాయి. అందుకని మడిచి జేబులో పెట్టుకున్నాను. పెద్దలు ఏమీ అనుకోరు, అందులో సగంమంది నా దగ్గర ఫిజియాలజీ చదువుకున్నవాళ్లే.

మెదడు, నరాల జబ్బుల మీద రెండు రోజులుగా హన్మకొండలో ఈ సదస్సు నడుస్తోంది. పొద్దటి సెషన్లు డాక్టర్లకు, రీసెర్చి పిల్లలకు. ఈ సాయంత్రం మాత్రం ఊరి జనానికి కూడా తలుపులు తీశారు. ఇందాక మెట్ల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి అడిగారు: "సార్, గింతమంది డాక్టర్లు ఒక్కకాడ కూడి ఏం జేస్తరు? ఫోన్ల మాట్లాడుకుంటే సరిపోదా?" నేను చెప్పబోయేది ఆయనకే అనుకోండి.

హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల ముచ్చట ఒకటి చెప్తాను. ఆస్పత్రి పేరు వద్దు. పత్తికి మందు కొట్టే కాలం. వార్డులో మంచాలు నిండిపోయి కింద చాపల మీద కూడా పేషెంట్లున్నారు. ఇరవై రెండేళ్ల పోరగాడిని ఆటోలో వేసుకొచ్చారు. పురుగుల మందు. తాగాడా, చేన్లో కొడుతూ పీల్చాడా అన్నది ఇప్పుడు మనకు అనవసరం. నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట, కనుపాపలు సూదిమొనంత. ఛాతీ మీద స్టెత్ పెడితే లోపల ఎసరు మరుగుతున్న చప్పుడు. విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు ఎక్కిస్తూ పోయాం. గాజు ఆంప్యూళ్ల మెడలు విరిచి విరిచి నా బొటనవేలు తెగింది. తెల్లారేసరికి ఛాతీ పొడిబారింది. రెండో రోజు వాడు మాట్లాడాడు, చాయ్ అడిగాడు. గండం గట్టెక్కిందనుకున్నాం.

మూడో రోజు పొద్దున వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, "సార్, మా పోరడు మెత్త మీదికెల్లి తల లేపుతలేడు" అంది. వెళ్లి చూశాను. కళ్లు తెరిచే ఉన్నాడు. పిలిస్తే పలికాడు. నా వేళ్లు పిసకమంటే పిసికాడు. తల ఎత్తరా అంటే గడ్డం కాస్త కదిలింది, మెడ లేవలేదు. "నీరసం అమ్మా, రెండు రోజులాయె తిండి లేక" అన్నాను. కేస్ షీట్‌లో 'వీక్‌గా ఉన్నాడు' అని ఒక ముక్క గీకి పక్క మంచానికి పోయాను. ఆమె నా వెనకాలే వచ్చింది. "నీరసం గాదు సార్. నిన్న లేపిండు. ఇయ్యాల తల లేస్తలేదు."

మధ్యాహ్నానికి ఊపిరి పలచబడింది. గొంతులో గొట్టం వేశాం. వెంటిలేటర్ ఖాళీ లేదు. చేత్తో పిసికితే ఊపిరితిత్తుల్లోకి గాలి కొట్టే సంచి, అంబూ బ్యాగు, వాళ్ల మేనమామ చేతిలో పెట్టి, ఎంతసేపటికొకసారి పిసకాలో చూపించాం. ఆయన తర్వాత అన్న, అన్న తర్వాత ఊరివాళ్లు, వంతులేసుకుని రాత్రీ పగలూ పిసికారు. తొమ్మిదో రోజు వాడంతట వాడే ఊపిరి పీల్చుకున్నాడు. బతికాడు. బతికించింది ఆ మేనమామ చేతులని నేను ఇప్పటికీ అంటాను.

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఏముంది చెప్పడానికి? వీక్ అయ్యాడు, కోలుకున్నాడు. కొన్నేళ్ల తర్వాత లైబ్రరీలో ఒక అమెరికన్ పత్రిక తిరగేస్తుంటే, శ్రీలంక డాక్టర్లు సేననాయకె, కరళియద్ద 1987లో రాసిన వ్యాసం కంటబడింది. పురుగుల మందు తిన్న పదిమందిలో, మొదటి ప్రమాదం దాటాక 24 నుంచి 96 గంటల లోపల, మెడ, భుజాలు, తొడలు, ఊపిరి కండరాలు చచ్చుబడ్డాయని రాశారు. దానికి 'ఇంటర్మీడియెట్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. అంటే నడిమధ్యన వచ్చేది. మొదట్లో వచ్చే నురగా చెమటలకు, వారాల తర్వాత కొందరికి వచ్చే కాళ్ల పక్షవాతానికి మధ్యన. అంతకుముందే పుణెలో డాక్టర్ వాడియా, ఆయనతో పనిచేసినవాళ్లు 1974లోనే ఈ రెండో దశ పక్షవాతాన్ని వేరుచేసి రాశారు. ఆ తల్లి నాకు చెప్పింది అచ్చంగా అదే. ఆమెకు పత్రిక లేదు. నాకు చెవి లేదు.

ఇంకో సంగతి చెప్తే నవ్వుతారు. కరీంనగర్‌లో పనిచేసిన నా క్లాస్‌మేట్ కూడా ఆ రోజుల్లోనే ఇట్లాంటి ఇద్దరిని చూశాడట. ఆ ముచ్చట నాకెప్పుడు తెలిసింది? పదేళ్ల తర్వాత ఒక పెళ్లిలో, బంతిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు. "నీకూ కనబడ్డదా?" అని ఇద్దరం ముద్ద చేతిలోనే పట్టుకుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెద్దాయనా, సదస్సు అంటే ఆ మాట అనుకోవడానికే. పదేళ్లు ఆగకుండా, పెళ్లి కోసం చూడకుండా.

నరాల శాస్త్రం ఇట్లాంటి కలయికల్లోనే మలుపులు తిరిగింది. 1889లో బెర్లిన్‌లో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల సమావేశం జరిగింది. స్పెయిన్ నుంచి 37 ఏళ్ల రామోన్ ఇ కహాల్ అనే ప్రొఫెసర్ సొంత డబ్బుతో బయల్దేరాడు. ఆయన రాసిన స్పానిష్ వ్యాసాలను బయట ఎవరూ చదవడం లేదు. జర్మన్ రాదు, ఫ్రెంచి అంతంతమాత్రం. ఉపన్యాసమిచ్చి ఒప్పించడం కుదరదు. అందుకని మైక్రోస్కోపు, గాజు స్లైడ్లు వెంట తీసుకుపోయాడు.

ఆ రోజుల్లో పెద్దలు నమ్మింది ఏమిటంటే, మెదడులోని నరాల పోగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకే వలగా ఉంటాయని. ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్జీ 1873లో వెండి ఉప్పుతో ఒక రంగు పద్ధతి కనిపెట్టాడు. దాని గొప్పతనమల్లా, నూరు కణాల్లో ఏ కొన్నింటినో మాత్రమే నల్లగా ముంచుతుంది. అన్నీ నల్లబడితే కనబడేది ఉత్త మసే. కహాల్ ఆ పద్ధతినే తీసుకుని, ఒకటికి రెండుసార్లు ముంచి, పిండాల మెదళ్ల మీదా పక్షిపిల్లల మెదళ్ల మీదా వాడాడు. అతనికి వల కనబడలేదు. విడివిడి చెట్లు కనబడ్డాయి, కొమ్మ కొమ్మకు దగ్గరగా వచ్చి అంటుకోకుండా ఆగిన చెట్లు.

బెర్లిన్‌లో బల్ల మీద మైక్రోస్కోపులు పెట్టుకుని, వచ్చీరాని ఫ్రెంచిలో పెద్దలను పిలిచి చూపించాడు. అనుమానంతోనే వచ్చారు. వాళ్లలో ఆ రంగంలో అందరూ లెక్కచేసే పెద్దమనిషి, 72 ఏళ్ల కోలికర్. కన్ను ఆనించి చూశాడు, అక్కడే ఒప్పుకున్నాడు. తర్వాత కహాల్ రాతలు చదవడానికి ఆ వయసులో స్పానిష్ నేర్చుకున్నాడని చెబుతారు. నాకు కహాల్ కన్నా కోలికర్ అంటేనే ఎక్కువ గౌరవం. కొత్తది కనిపెట్టడం ఒక ఎత్తు. డెబ్బై రెండేళ్లు వచ్చాక, ఇన్నాళ్లూ అనుకున్నది తప్పని కుర్చీలోంచి లేచి వచ్చి ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. గోల్జీ మాత్రం ఒప్పుకోలేదు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, స్టాక్‌హోంలో బహుమతి ఉపన్యాసంలోనే కహాల్ వాదాన్ని కొట్టేశాడు. ఆ రంగు కనిపెట్టిన మనిషే, ఆ రంగు చూపించింది నమ్మలేదు.

ఇప్పుడు మన పురుగుల మందు దగ్గరికి వద్దాం. నరాల కొమ్మలు అంటుకోకపోతే, మాట ఇటునుంచి అటు ఎట్లా దాటుతుంది? ఆస్ట్రియాలో ఒట్టో లోవీ 1921లో రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. మొదటి గుండె నరాన్ని కరెంటుతో మీటితే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ఉప్పునీళ్లను తీసి రెండో గుండె మీద పోశాడు. నరం ముట్టని ఆ గుండె కూడా నెమ్మదించింది. అంటే నరం ఏదో రసం వదులుతోందన్నమాట. ఆ రసమే ఎసిటైల్‌కోలీన్.

చాలామంది నమ్మలేదు. మేం చేస్తే రాలేదన్నారు. నిజంగానే కొందరికి రాలేదు, ఎందుకంటే కప్ప ఏ కాలంలో పట్టిందన్న దాని మీద కూడా అది ఆధారపడుతుంది. 1926లో స్టాక్‌హోంలో ప్రపంచ ఫిజియాలజీ మహాసభ జరిగినప్పుడు, అందరి ముందరా చేసి చూపించమన్నారు. ఊహించండి ఆ టెన్షన్. ఇంట్లో ఎప్పుడూ చక్కగా వచ్చే సర్వపిండి, వియ్యాలవారొచ్చిన రోజే గిన్నెకు అంటుకుంటుంది. లోవీ చేశాడు. పద్దెనిమిది సార్లు చేశాడు. ప్రతిసారీ గుండె నెమ్మదించింది.

ఆ రసం ఒకసారి వదిలాక దాన్ని కత్తిరించే ఎంజైము ఒకటి ఒంట్లో ఉంది. ఎసెరిన్ అనే మందు ఆ కత్తెరను ఆపేస్తుందని లోవీ, నవ్రాటిల్ అదే 1926లో చూపించారు. మన ఆర్గానోఫాస్ఫరస్ పురుగుల మందు చేసే పనీ అదే, కాకపోతే చాలా మొండిగా. పాకాల చెరువు తూము తెరిచినవాడు మూయడం మరిచిపోయాడనుకోండి. పొలమంతా నీళ్లే. నోట్లో నీళ్లు, కళ్లలో నీళ్లు, ఊపిరితిత్తుల్లో నీళ్లు. అట్రోపిన్ గుండె దగ్గరా, గ్రంథుల దగ్గరా ఆ నీళ్లను అడ్డుకుంటుంది. అందుకే ఛాతీ పొడిబారుతుంది. మోతాదు మించితే పేషెంట్ గాల్లో లేని దారాలు ఏరుతుంటాడు, ఆ చేతులు చూసే నర్సులు మాకు చెప్పేవాళ్లు. కానీ కండరం దగ్గరి తలుపు వేరే రకం. అక్కడ అట్రోపిన్ పనిచేయదు. మూడో రోజు మెడ వాలిపోయేది అందుకే, ఎన్ని ఆంప్యూళ్లు విరిచినా లేవనిదీ అందుకే. అక్కడ కావలసింది గొట్టం, గాలి, పిసికే చెయ్యి. 1997, 98ల్లో పత్తి దెబ్బతిన్నప్పుడు ఈ జిల్లా ఏం చూసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. స్టాక్‌హోంలో కప్ప గుండె నెమ్మదించడం మన క్యాజువాలిటీకి సంబంధించిన విషయమే.

మన దేశంలో సంగతి క్లుప్తంగా చెప్తాను. 1951లో మద్రాసులో జేకబ్ చాందీ, రామమూర్తి, నరసింహన్, బల్దేవ్ సింగ్ అనే నలుగురు కూర్చుని న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా పెట్టారు. నలుగురే. అమెరికాలో సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ 1969లో పుట్టింది. 1971లో వాళ్ల మొదటి సమావేశానికి సుమారు 1,400 మంది వచ్చారు, ఇప్పుడు ఇరవై వేలు దాటతారు. అంతమందిలో ఎవరు ఎవరిని కలుస్తారో నాకు అర్థం కాదు. అయినా అక్కడ కూడా అసలు పని జరిగేది పోస్టర్ల దగ్గరేనని వెళ్లొచ్చినవాళ్లు చెబుతారు. పోస్టరంటే, చేసిన పనిని ఒక పెద్ద కాగితం మీద వేసి గోడకు తగిలించి, పక్కన నిలబడి వచ్చినవాళ్లకు చెప్పడం.

మన దగ్గర పోస్టర్ల గతి ఏమిటో నా అనుభవమే చెప్తాను. పదిహేనేళ్ల కింద ఒక పెద్ద సదస్సుకు నేనూ పోస్టర్ తీసుకుపోయాను. పేషెంట్ తలను మెత్త మీది నుంచి ఎన్ని సెకన్లు ఎత్తి ఉంచగలడో నర్సులు చేతి గడియారంతో రోజూ రాసిన లెక్క. అర్థమైంది కదా, ఆ తల్లి మాట నన్ను వదల్లేదు. వరంగల్ చౌరస్తా దగ్గర ఒక ఫ్లెక్సీ షాపులో ప్రింటు కొట్టించాను. ఆ అబ్బాయి అభిమానం కొద్దీ చుట్టూ బంతిపూల దండ పెట్టి, పైన 'హార్దిక శుభాకాంక్షలు' అని కూడా వేశాడు. కాజీపేటలో రైలెక్కాక విప్పి చూసుకున్నాను. అక్కడికి పోయాక ఆ అక్షరాల మీద తెల్లకాగితం అంటించాను, పూలను ఏమీ చేయలేకపోయాను.

నిర్వాహకులు నాకిచ్చిన చోటు సాంబారు కౌంటర్ పక్కన. వేదిక మీద శాలువాలు, మెమెంటోలు గంటన్నర సాగాయి. ఆలస్యమైందని ప్రశ్నల సమయం కోసేశారు, పోస్టర్లకిచ్చిన గంటను ఇరవై నిమిషాలు చేశారు. ప్లేట్లు పట్టుకుని నా ముందునుంచి కనీసం రెండు వందల మంది నడిచారు. నిలబడింది ఒకే ఒక్కరు, తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ. పూలదండ గురించి ఒక్క మాట అనలేదు. "ఈ సెకన్లు కొలిచింది ఎవరు?" అంది. ముగ్గురు నర్సులు మేడమ్ అన్నాను. "ఒకే పేషెంట్‌ను ఇద్దరు, ఒకరి అంకె ఒకరు చూడకుండా కొలిస్తే ఒకటే వస్తుందా?" అంది. నాకు చెమటలు పట్టాయి. ఆ ఆలోచనే నాకు రాలేదు. మూడేళ్ల పని, ఒక్క ప్రశ్నకు కూలబడింది. ఆమె చల్లారిన ఇడ్లీ తింటూ పావుగంట నిలబడి, మళ్లీ ఎట్లా మొదలుపెట్టాలో చెప్పింది. ఆ ప్రయాణానికి పెట్టిన ఖర్చంతా ఆ పావుగంటకే గిట్టుబాటయింది.

అందుకే ఈ సదస్సు పెట్టే పిల్లలు సలహా అడిగితే రెండే చెప్పాను. శాలువాలు వద్దు, పోస్టర్లు భోజనాలకు ముందు పెట్టండి. మొదటిది సగమే విన్నారు, ఇందాక నాకు ఒకటి కప్పారు. రెండోది విన్నారు.

బయట వరండాలో పదకొండు పోస్టర్లున్నాయి. కుడిచేతి వైపు చివర్న ఒక పీజీ అమ్మాయి పొద్దటి నుంచి నిలబడే ఉంది. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు ఎందుకు పెడతారో, అది మానేసి పక్కకు తిప్పి పడుకోబెట్టమని ములుగు వైపు ఊళ్లలో చెప్తే ఎవరేమన్నారో రాసుకొచ్చింది. తెలుగులోనే రాసింది. పెద్దాయనా, మీరు ముందు ఆమె దగ్గరికి పోండి. మీ ఊళ్లో మీరు చూసింది చెప్పండి, ఆమె లెక్కలో లేనిది మీ దగ్గర ఉండొచ్చు. భోజనాలు తొమ్మిదింటికి. ఇప్పుడు ఎనిమిదీ పది. నేను ఇక్కడ ఆపేస్తున్నాను.